టమోటా బండిలో రెండు సీట్లు

ఈ రోజు మదనపల్లెలో అమ్మకు కంటి ఆపరేషన్. నిన్ననే టాక్సీ మాట్లాడి పెట్టుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేస్తే డ్రైవర్ “దగ్గరికొచ్చేసినా అన్నా” అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. వాణ్ని నమ్ముకుని కూర్చున్నందుకు తంబళ్లపల్లె నుంచి పోయే పొద్దుటి బస్సు కూడా తప్పిపోయింది. మళ్లీ బస్సు మధ్యాహ్నానికే.

అమ్మను రోడ్డు పక్కన కూర్చోబెట్టి, కనపడిన ప్రతి బండికీ చెయ్యి ఊపాను. చివరికి మదనపల్లె మార్కెట్‌కు పోతున్న టమోటా బండి ఒకటి ఆగింది. వెనకంతా క్రేట్లు. డ్రైవర్ పక్కన ఆ పంట పండించిన భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. సంగతి విని ఇద్దరూ కిందికి దిగారు.

“మీరు లేకుండానే వేలం అయిపోతుంది కదన్నా!” అన్నాను.

“కాయలు మా మొగాలు సూసి అమ్ముడుపోతాయా అప్పా? ముందు అమ్మను ఎక్కించు. మేము మధ్యాన్నం బస్సుకొస్తాము” అన్నాడాయన.

వేలం పాడేటప్పుడు తన కాయల పక్కన నిలబడని రైతును మా వైపు నేనింతవరకూ చూడలేదు. ఆయన భార్య అమ్మ కొంగు తలుపులో ఇరుక్కోకుండా సర్ది, తలుపు వేసింది. పంటంతా మా వెంట పంపించేసి, రోడ్డు పక్కన అమ్మ అంతవరకూ కూర్చున్న చోటే కూర్చున్నారు ఇద్దరూ.

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టుతో పడుకున్న అమ్మ సాయంత్రం నుంచీ ఒకటే అడుగుతోంది. “వాళ్ల కాయలు ఏం ధరకు పోయినాయిరా?”

ఎట్లా చెప్పేది? రాని టాక్సీవాడి నంబరు నా ఫోన్‌లో భద్రంగా ఉంది. సీటిచ్చి దిగినవాళ్ల పేరు గానీ, ఆ బండి డ్రైవర్ నంబరు గానీ అడగలేదు. ఇది చదివేవాళ్లలో ఈ మధ్యాహ్నం ఆ బస్సులో వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ఇద్దరూ ఎవరో కాస్త చెప్పండి, అమ్మ నిద్రపోవాలి.