వేడినీళ్లలో ముంచిన నైలాన్

పాత స్వెటర్ విప్పితే ఆ ఊలును వేడినీళ్లలో ముంచి, వంకరలు పోయాక ఆరేసి, మళ్లీ అల్లుకోవడం రాయపూర్ దగ్గరి మా సెక్టర్ 6 క్వార్టర్లలో ఆడవాళ్లందరికీ అలవాటే. నేను కొత్త ఊలు కొన్నది రెండుసార్లే. ఆ అలవాటే ఒకరోజు మనవరాలి పనికి ఎసరు పెట్టింది.

ఆ పిల్ల రాయపూర్ కాలేజీలో దారాల మీద పరిశోధన చేస్తోంది. నైలాన్ పోగుల గుండా ఎక్స్‌రే పంపిస్తే, లోపల అణువులు ఎలా పేర్చుకుని ఉన్నాయో ఫొటోలో తెలుస్తుందట. నాకు తెలిసింది ఎముకలు చూసే ఎక్స్‌రే ఒక్కటే. ఆ మిషను దగ్గర పిల్లకి వంతు రావడానికి నెల పట్టింది.

ఆ ఉదయం బల్ల మీద ఒక అట్టముక్క కనిపించింది. నడుమ చిన్న కన్నం, దానికి అడ్డంగా బిగించిన సన్నటి పోగులు. ఏదో మిగిలిన దారమనుకుని, దోమతెర చిరుగుకి పనికొస్తుందని ఊడదీసి మరిగే నీళ్లలో వేశాను. తీసేసరికి కురచయిపోయాయి.

స్నానం చేసి వచ్చిన పిల్ల ఖాళీ అట్ట చూసింది.

"నానమ్మా, దీని మీద దారాలేవి?"

"దోమతెర కుట్టడానికని వేణ్నీళ్లలో ఏసాను. ఏటే, అలా తెల్లబోతన్నావు?"

"అరే యార్! అవి లాగి పట్టినట్టే ఉండాల. అప్పుడే ఫొటోలో చుక్కలొస్తాయి. ముడుచుకుపోతే ఆ చుక్కలు వంపు గీతల్లా సాగిపోతాయి. పన్నెండింటికి నా టర్న్!"

తప్పయిందని ఎవరితోనూ అన్నదాన్ని కాదు.

"ఏడుపాపి, రీలులో ఇంకా ఉందో లేదో సూడు," అన్నాను.

ఉంది. లోకల్ రైలుకి గంటే టైము. కొత్త అట్ట మీద అది పోగులు పరిచింది, రెండో కొస నేను పట్టుకున్నాను.

"జిగురు ఆరేదాకా కదలకు. దగ్గావంటే చూడు!"

ఇంట్లో నన్నలా గదమాయించినవాళ్లు లేరు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఓసారి మాత్రం కొస వేళ్ల మధ్య జారితే మళ్లీ లాగి పట్టాను.

అది వెళ్లాక బియ్యం కడిగి, పొయ్యి వెలిగించడం మరిచాను. ఒంటిగంట దాటాక ఫోను మోగింది.

"చుక్కలే వచ్చాయి. ఒక పోగు పక్కకి వాలిందంట, కొంచెం సాగినట్టున్నాయి. పనికొస్తాయన్నారు సార్."

వాలింది నా చేతిలోని కొసే అయ్యుంటుంది.

"నిజంగా అన్నారా?"

"అన్నారు, నానమ్మా."

"ఇంకోసారి అడిగి సెప్పు. నేను ఫోను పెట్టను."