చెవిటి తుపాకుల చాచా

మా గోడవతలి చాచా పోయారు. ధూల్‌పేట్‌లో మా విగ్రహాల షెడ్డుకూ ఆయన దుకాణానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ ఉదయం అవతల ఆకురాయి చప్పుడు లేదు. శుక్రవారం కదా, ఆలస్యంగా తీస్తారులే అనుకుని నేను రంగులు కలుపుకుంటున్నాను. దుకాణం పైనే వాళ్ళ ఇల్లు. పైనుంచి చాచీ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆమె నన్ను ఎప్పుడూ 'బేటీ' అనే పిలుస్తుంది. మెట్లెక్కక ముందే నాకు విషయం తెలిసిపోయింది. నిద్రలోనే వెళ్ళిపోయారు.

చాచా తుపాకులు చేసేవారు. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్ళు కొంచెం వెనక్కి జరుగుతారు. జరగనక్కర్లేదు. అవి పాతకాలపు చెకుముకి తుపాకులు. మీట నొక్కితే, నోట్లో రాయి కరుచుకున్న ఒక ఇనప కొక్కెం ముందుకు దూకి ఎదురుగా ఉన్న ఉక్కు రేకును గీరుతుంది. నిప్పురవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలో పడతాయి. గిన్నెలోని మందు అంటుకుని, ఆ నిప్పు ఒక సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోతే తుపాకీ పేలుతుంది. ఆ రంధ్రాన్ని వాళ్ళ పనిలో 'కాన్' అంటారు, అంటే చెవి. సినిమావాళ్ళకూ, నాటకాలవాళ్ళకూ, పెళ్ళి ఊరేగింపులకూ చాచా చేసిచ్చిన ఏ తుపాకీకీ ఆ చెవి ఉండేది కాదు. రవ్వలు రాలతాయి, చిటికెడు మందు భగ్గుమంటుంది, పొగ వస్తుంది, అంతే.

"నా బందూకులు అన్ని చెవిటియే బేటీ. నిప్పు ఎంత మొత్తుకున్నా గొట్టానికి ఇనవడది" అని నవ్వేవారు.

వినాయక చవితి హడావుడి తీరాక నాకు పని తగ్గిపోతుంది. అప్పుడు ఆయన తుపాకుల కర్రభాగానికి పాలిష్ పెట్టే పని నాదే. అలా కొన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. "నువ్వు దేవునికి కండ్లు తెరుస్తవ్, నేను వీటికి చెవులు తెరువ. ఇద్దరిదీ జాగ్రత్త పనే" అనేవారు. కొక్కేన్ని ముందుకు దూకించే ఉక్కు కమానును నిప్పుల మీద పెట్టినప్పుడు మాత్రం నన్ను పిలిచేవారు, రంగు చూసి చెప్పడానికి. "బైంగన్ రంగు, అదే వంకాయ రంగు, దాటనియ్యి. నీలమొచ్చినంక చెప్పు. తొందరపడితే ఇర్గుతది, ఆలస్యం చేస్తే వంగుతది." నేను "ఇప్పుడు" అనగానే ఆయన చెయ్యి కదిలేది. నా మాట మీద అంత నమ్మకం ఉంచిన మనిషి మా ఇంట్లో కూడా లేరు.

చెప్పుల సంగతి చెప్పకపోతే చాచా గురించి చెప్పినట్టే కాదు. ఉంగరాల రాళ్ళు కోసేవాళ్ళు పారేసిన ముక్కలు ఏరి తెచ్చుకుని తుపాకులకు వాడేవారు. రాయిని నేరుగా ఇనుములో బిగిస్తే పగులుతుంది, చుట్టూ తోలు చుట్టాలి. ఆ తోలు కోసం గల్లీలో ఎవరి పాత చెప్పులు కనబడినా ఆయన చూపు వాటిమీదే. ఒకసారి చాచీ హ్యాండ్‌బ్యాగు పట్టీ మాయమైంది. తర్వాత అది ఒక నాటకం తుపాకీ నోట్లో తేలింది. చాచీ పెట్టిన లొల్లికి ఆయన ఆ రోజు భోజనానికి పైకి వెళ్ళలేదు, మా షెడ్డులో నా డబ్బాలోంచే తిన్నారు.

పాత ఇళ్ళ గోడలకు వేలాడే అసలు తుపాకులు కూడా బాగుచేయడానికి వచ్చేవి. చేతికి రాగానే ఒక సన్నని కర్రను గొట్టంలో అడుగుదాకా దించి, గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూసేవారు. కర్ర పొట్టిగా తేలితే లోపల ఏదో ఉన్నట్టు. "కడుపుల ఏమున్నదో సూడకుండ ముట్టొద్దు" అనేవారు. లాల్‌దర్వాజా నుంచి ఒకాయన తుప్పు వదిలించమని ఒక తుపాకీ తెచ్చాడు. ఇంట్లో మనవలు దానితోనే ఆడుకుంటారట. కర్ర పొట్టిగా తేలింది. తాతల నాటి మందూ గుండూ అందులోనే ఉన్నాయి. చాచా మమ్మల్నందరినీ బయటికి పంపి, గొట్టం నిండా నీళ్ళు పోసి, బాగా నానాక మెలికల తీగతో ఆ నల్ల ముద్దను లాగి తీశారు. తెచ్చినాయన అరుగు మీద కూర్చుని ఏడ్చేశాడు. చాచా కోప్పడలేదు, చాయ్ తెప్పించి ఇచ్చారు.

"తుపాకీ ముసల్దయితది గని, మందు ముసల్ది గాదు భాయ్" అని మాత్రం అన్నారు.

జీవితమంతా సుత్తి పక్కనే కూర్చున్నందుకేమో, చాచాకు వినికిడి తగ్గింది. "మీ తుపాకుల ఉసురు తగిలింది చాచా" అని నేను ఆటపట్టించేదాన్ని. కానీ ఆ చెవుడు సగమే నిజం. గోడ ఇవతల మెల్లగా 'చాయ్' అన్నా ఆయనకు వినపడేది.

ఈ మధ్య బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారం చేసే సేట్ ఒకాయన కొడుకు పెళ్ళికని తుపాకీ చేయించుకున్నాడు. ఊరేగింపులో అది గట్టిగా మోగాలని ఆయన పట్టు. చాచా మొదట మర్యాదగానే చెప్పారు. "సేట్, ఇది నీళ్ళ పైపు గొట్టం. కాన్ తెరిచి మందు దట్టిస్తే పైపే పగుల్తది. పట్టుకున్నోని చెయ్యి పోతది, పక్కనున్న పిల్లల కండ్లు పోతయ్." సేట్ మళ్ళీ వచ్చాడు.

"ఒక్క కాన్ చాచా. చిన్నది."

"ఏందీ?"

"కాన్ చాచా, కాన్!"

"ఔ సేట్, నా కాన్ మస్తు ఖరాబైనయ్. డాక్టర్‌కు చూపియ్యాలె."

సేట్ గొంతు పెరిగేకొద్దీ చాచా చెవుడు పెరిగింది. గల్లీ అంతా విన్నది, ఆయన తప్ప. ఆ విద్య నేనూ నేర్చుకున్నాను. వినాయకుడికి సినిమా హీరో మొహం పెట్టమని వచ్చేవాళ్ళ మాటలు ఇప్పుడు నాకూ సరిగ్గా వినపడవు.

చాచా పోయేనాటికి ఆ తుపాకీ తయారై, పాలిష్ ఆరడానికి నా దగ్గరే ఉంది. నాకు పెద్ద భయం పట్టుకుంది. ఆ రంధ్రం వేయడం ఏ లేత్ మిషన్ దుకాణంలోనైనా చాయ్ తాగేలోపు అయ్యే పని. దాచేద్దామా అని చాచీని అడిగాను. "ఆయన ఒప్పుకున్న పని. ఇయ్యాలె" అంది.

సేట్ పలకరించడానికి వచ్చాడు. భర్త పోయాక పరాయి మగవాళ్ళ ముందుకు రాకూడని ఇద్దత్ రోజులు కాబట్టి చాచీ పరదా వెనక నుంచే మాట్లాడింది. "భాయ్, దాన్ని చెవిటిదిగనే ఉండనియ్యి. మా ఆయన్ని గూడ మీరందరు గట్లనే భరించిన్రు గదా."

సేట్ తుపాకీ తీసుకుని తల దించుకుని వెళ్ళాడు.

నిన్న సాయంత్రం వెలుగుండగానే ఆ ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. నేను పైన చాచీ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడ్డాను, ఆమె మాత్రం కిటికీ ముందుకు రాలేదు. పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద పెళ్ళిగుర్రం చుట్టూ పిల్లలే పిల్లలు. బ్యాండు ఆగింది. సేట్ తుపాకీ ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. రాయి గీరిన చప్పుడు, భగ్గుమన్న చప్పుడు. తర్వాత ఒక పాప గొంతు, "ఇంకోపాలి! ఇంకోపాలి!"

"ఏమైంది బేటీ? నాకేం ఇనవడలే" అంది చాచీ.

"ఏం లేదు చాచీ. పేలలే."

బ్యాండు మళ్ళీ మొదలైంది, గుర్రం కదిలింది. పొగ వాసన మా కిటికీ దాకా వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఉతికిన చాచా చొక్కాల వాసన అది. చాచీ లేచి, బయటికి కనబడకుండా పక్కకు నిలబడి, పరదాను కొంచెం జరిపి పట్టుకుంది.