ర్యాంపు మీద బూడిద

1994లో నేను చంద్రపూర్‌లోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో మావశీని, అంటే ఆయాను. నేల కడగడం, స్ట్రెచర్ నెట్టడం నా పని. ఓటీ, అంటే ఆపరేషన్ గది, కాస్త ఎత్తు మీద ఉండేది. అక్కడికి ఎక్కే ఏటవాలు దారిని ర్యాంపు అనేవాళ్లం.

అప్పుడప్పుడే బజారులోకి కొత్త సామాన్లు వస్తున్నాయి. డాక్టరమ్మ పాత గరుకు బండలు తీయించి, ర్యాంపుతో సహా అంతటా మెరిసే టైల్స్ వేయించింది. ఇక స్ట్రెచర్ వేలితో తోసినా పోతుందనుకున్నాం. నేను మురిసిపోయి రోజుకు రెండుసార్లు ఫినాయిల్ నీళ్లతో కడిగేదాన్ని.

వారం తిరక్కుండానే రాజురా వైపు నుంచి మల్లేశ్ అనే రైతు తన భార్య సుగుణను తెచ్చాడు. బిడ్డ అడ్డం తిరిగింది, రక్తం పోతోంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ ఓటీలోకి పరుగెత్తింది.

చదునులో స్ట్రెచర్ బాగానే ఉరికింది. ర్యాంపు మీద సగంలో ఆగిపోయింది. నేను కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఎంత గట్టిగా నెడితే నా కాళ్లు అంత వెనక్కి జారాయి. మల్లేశ్ భుజం ఆనించి, తనూ మోకాళ్ల మీద పడ్డాడు.

"ఏందవ్వా గిది? అద్దం మీద నడిపిస్తున్నరా?"

"తర్వాత తిట్టు కొడుకా! బండి వెనక్కి రాకుండ పట్టుకో."

"మీరు కొట్లాడుకోండ్రి, నేను నడిచి పోత," అని సుగుణ పళ్లు బిగబట్టి అంది.

చక్రాల్లో లోపం లేదు. పట్టు లేనిది మా కాళ్లకే. బాలింతల స్నానానికి నీళ్లు కాచే బొగ్గు పొయ్యి పెరట్లో ఉంది. పక్కనున్న బూడిద బకెట్ తెచ్చి, ర్యాంపు నడుమ పొడుగునా చల్లాను. చక్రాలు రెండు పక్కలా నున్నటి టైల్స్ మీద, మా పాదాలు నడుమ గరుకు మీద. ఈసారి కాళ్లు నిలిచాయి. స్ట్రెచర్ కదిలింది, ఒక్కో తోపుకూ వేగం పెరిగింది. పైన ఓటీ తలుపు దగ్గర దాన్ని వెనక్కి లాగి ఆపాల్సి వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లి కూడా దక్కింది. బయటికొచ్చిన డాక్టరమ్మ నల్లబడిన టైల్స్ చూసి, "ఎవరి పని ఇది?" అంది.

"నాదేనమ్మా. కడిగింది నేనే, చల్లింది నేనే."

ఆమె నవ్వి, ఆ వారమే ర్యాంపు నడుమ పట్టీలా మళ్లీ గరుకు బండలు వేయించింది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఘర్షణ కదలికను అడ్డుకుంటుందని ఒక పుస్తకంలో చదివాను. నిజమే, కానీ సగమే. చక్రాన్ని ఆపేదీ అదే, నెట్టేవాళ్ల కాలిని నిలిపేదీ అదే. అందుకే పనిలో ఉన్నంత కాలం, స్ట్రెచర్ మీద చెయ్యి వేసే ముందు నా కాళ్ల కింద నేల చూసుకున్నాను.