గిన్నెలో పట్టిన పాలు

బోయిగూడలో కర్ర అడితీల వెనక సందులో, గోడ కలిసిన రెండిళ్లలో ఒకటి అమీనాది, రెండోది సువార్తది. అమీనా కోడలు అఫీఫా తొలికాన్పులో ఆడపిల్లను కన్నది. “ముర్రుపాలు పట్టించండి, బిడ్డకు అదే మొదటి మందు” అని చెప్పి నర్సు అటు తిరగగానే, అమీనా కోడలి రొమ్ము పిండి, ఆ పసుపుపచ్చని పాలను పాతగుడ్డలో పారబోసింది.

“తొమ్మిది నెలల పాసిపాలు! నా మనవరాలికి తాపిస్తవా?” అంటూ, నర్సు వద్దన్న తేనెనే బిడ్డ నాలుకకు రాసింది.

ఇంటికొచ్చాక అఫీఫా బిడ్డను ఎదకు చేర్చుకోబోతే అమీనా లాక్కునేది. “ఎండిన బోరింగును ఎంత కొడితే నీళ్లొస్తయే?” అనేది. అఫీఫా భర్త సాదిక్ ఆ మాట వినబడగానే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

అమీనా కూతురు మహెక్ అప్పుడు చంటిపిల్లాడితో పుట్టింట్లోనే ఉంది. కోడలికి ఆడపిల్ల పుడితే మహెక్ కొడుకు నాసర్‌కే చేయాలని అమీనా ముందే అనుకుంది. కానీ వాళ్లలో ఒక తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులవుతారు, నిఖా కుదరదు. అందుకని అమీనా ఒక ఉపాయం కనిపెట్టింది. మహెక్ పాలను గిన్నెలో పిండించి, చెంచాతో మనవరాలికి పట్టింది.

“రొమ్ము నోట్ల వెట్టలే గద, గిట్లయితే ఏం గాదు” అని తన తీర్పు తనే చెప్పుకుంది.

లోపలి గదిలో బిడ్డ ఏడిస్తే ఇవతల అఫీఫా కుర్తా తడిసిపోయేది. పాలొచ్చాయి మరి! చెప్పబోతే, “చెమట సూపిచ్చి పాలంటున్నవా?” అని నవ్వింది అమీనా.

మహెక్ మనసు ఊరుకోలేదు. తల్లి నమాజులో ఉన్నప్పుడు పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టింది. “జల్ది, భాబీ.” సువార్త కూడా వచ్చి పక్కన కూర్చుంది.

“కడుపుకు కడుపు ఆనియ్యి బిడ్డా. మొన ఒక్కటే గాదు, సుట్టున్న నల్లటిది సుత నోట్లకు పోవాలె. ఎంత సప్పరిస్తే అంత ఊరుతయి.”

బిడ్డ గడ్డం తల్లి రొమ్ముకు ఆనిందో లేదో, అమీనా వచ్చి పిల్లను గుంజుకుంది. కోడలి చెంప పగలగొట్టింది. బయటికి దారిలేని పాలతో అఫీఫా రొమ్ములు రాళ్లయ్యాయి. జ్వరం పట్టుకుంది.

ఆ శుక్రవారం అమీనా అన్న ఫరూఖ్ మసీదు నుంచి పిల్లను చూడవచ్చాడు. గిన్నె చూశాడు.

“ఎవరి పాలివి?”

“మహెక్‌వే, భాయీజాన్. చెంచాతోనే పట్టిస్తున్న.”

“చెంచా అయితేంది, సీసా అయితేంది? కడుపులకు వోయిన పాలు పాలే. ఇగ నాసర్ దీనికి అన్న. నిఖా మాట మర్చిపో.”

అమీనా మొహం తెల్లబోయింది. తప్పు తెలిసొచ్చిందేమో అనుకున్నారు అందరూ. ఆమె బిడ్డను తెచ్చి, జ్వరంతో మూలుగుతున్న అఫీఫా ఒళ్లో పడేసింది.

“నీ ఎండురొమ్ముల వల్లనే నా బిడ్డ ఇంటికి సంబంధం తెగింది. తాపుకో. బతికితే దాని నసీబ్, సస్తే నీ పాపం.”

గడపలో నిలబడ్డ సువార్త అంది: “మొగులును జూసి కుండల నీళ్లు ఒలకబోసింది నువ్వు, అమీనక్కా. నిందలేమో కుండ మీదికా?”

మహెక్ నీళ్లు కాచింది. సువార్త వేడిగుడ్డ అద్ది, మెల్లగా ఒత్తి, రొమ్మును మెత్తబరిచింది. చెంచాకు అలవాటుపడ్డ బిడ్డ మొహం తిప్పుకుని గుక్కపెట్టింది. మళ్లీ ఆనించారు, మళ్లీ తిప్పుకుంది. నొప్పికి అఫీఫా చున్నీ కొరుక్కుంది. సువార్త కళ్లు మూసుకుని యేసయ్యను పిలిచింది, అఫీఫా అల్లాను పిలిచింది. విన్నది ఎవరో గానీ, బిడ్డ నోరంతా తెరిచి పట్టుకుంది. కాసేపటికి గుటక వినిపించింది.

ఆ సాయంత్రమే అమీనా కూతురిని ఆటో ఎక్కించి అల్వాల్‌లోని అత్తగారింటికి తోలేసింది. పోతూ పోతూ మహెక్ తన కొడుకు మెత్తటి దిండును భాబీ మోచేతి కింద సర్ది వెళ్లింది.

ఆ పిల్ల అక్సా. తల్లి పాలతోనే పెరిగి ఇప్పుడు నడుస్తోంది. దాదీ అంటూ నాయనమ్మ మంచం దగ్గరికి పోయి చేతులు చాస్తుంది. అమీనా గోడవైపు తిరిగి పడుకుంటుంది.