రెండుసార్లు కొడకండ్ల దాటిన హెడ్డు

1978 యాసంగి పంటకాలంలో నన్ను జనగామ గోడౌనుకు వేశారు. అదొక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ, నేను మార్కింగ్ గుమాస్తాను. హైదరాబాదు నుంచి వచ్చిన సరుకును ఊళ్లవారీగా విడదీసి, ప్రతి మూట మీదా గుర్తు వేసి, లారీకి ఎక్కించేదాకా నాదే బాధ్యత. నా పైన మేనేజరు, నా కింద హమాలీలు, వాళ్లకు మేస్త్రీ ఐలయ్య. హమాలీల్లో చదువొచ్చినవాళ్లు తక్కువ కాబట్టి ఊరి పేరుకు బదులు బొమ్మ గీసేవాళ్లం. కొడకండ్లకు రెండు గీతలు, మరిపెడకు ముక్కోణం, మానుకోటకు సున్న. మానుకోట అంటే మహబూబాబాదే. ఆ పొడుగు పేరు కాగితాల్లోనే ఉండేది.

లారీ నింపే పద్ధతి తిరగేసి ఉంటుంది. ఆఖరున దించే మానుకోట సరుకు ముందెక్కి క్యాబిన్ వైపు చేరుతుంది. మొదట దించే కొడకండ్ల సరుకు ఆఖరున ఎక్కి వెనక తలుపు దగ్గర నిలుస్తుంది. నూనె అంటిన ఇనుముకు మాత్రం ఈ లెక్క లేదు. ఏ ఊరిదైనా సరే, అది క్యాబిన్ వైపు మూలన, అడుగున పడాల్సిందే. ఎప్పుడో ఒక ఇంజను భాగం నూనె కారి బట్టల బేళ్లు పాడయ్యాయట. నేను వచ్చేనాటికే అది రాతిమీద గీతైపోయింది.

లచ్చు కొడకండ్ల పక్క తండా రైతు. మోట తోలే ఎడ్లను అమ్మి బావి మీదికి ఆయిల్ ఇంజను కొన్నాడు. దాని హెడ్డు, అంటే సిలిండరు మీది ఇనుప మూత, పగిలితే హైదరాబాదు పంపి అతుకు పెట్టించాడు. వరి పొట్ట మీదుంది. ఇంజను తిరగకపోతే నీళ్లు తోడే దారి ఇంకొకటి లేదు.

హెడ్డు మా దగ్గరికి రాగానే రెండు గీతలు గీసి, వెనక తలుపు దగ్గర పెట్టమన్నాను. ఐలయ్య ఒప్పుకోలేదు.

"బట్టలు ఖరాబైతే నన్నే అడుగుతరు సార్. రూలు నేను పెట్టిన్నా?"

మేనేజరు కూడా అతని వైపే మాట్లాడారు. హెడ్డు క్యాబిన్ మూలకు పోయింది, దాని మీద మానుకోట చక్కెర బస్తాలు పేర్చారు. కొడకండ్లలో ఆ బస్తాలన్నీ దించి ఎక్కించే మనుషులెవరూ లేరు. లారీ ఆగింది, పోయింది.

మర్నాడు లచ్చు జనగామ వచ్చాడు.

"లారీ నా ముంగటికెళ్లే పోయింది సార్. లోపలున్నదని డ్రైవరన్న చెప్పిండు. జర తెప్పియ్యుండ్రి, పొలం నెర్రెలిస్తున్నది."

తిరుగు లారీలో వస్తుందని, కొడకండ్లలోనే నిలబడమని మేనేజరు చెప్పారు. నేను మానుకోటకు ట్రంకాల్ చేసి, హెడ్డును వెనకే పెట్టమని బతిమాలాను. "ఇనుము గదా, రూలు ప్రకారం ఎక్కిస్తం" అన్నాడు అక్కడి గుమాస్తా. రూలు ప్రకారమే ఎక్కించాడు. హెడ్డు మీద మిర్చి బస్తాలు పడ్డాయి. లారీ మళ్లీ లచ్చు ముందు ఆగి, మళ్లీ పోయింది. జనగామలో బస్తాలన్నీ దించాక ఆ రెండు గీతలు కనిపించాయి. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఎవరూ తప్పు చేయలేదు మరి.

మూడోసారి నేనే మోసుకెళ్లి క్యాబిన్ లోపల డ్రైవర్ యాకూబ్ కాళ్ల దగ్గర పెట్టాను. తిరిగొచ్చాక అతనే చెప్పాడు. లచ్చు హెడ్డును చేతుల్లోకి తీసుకుని ఒక్క మాటన్నాడట: "ఇగ దీంతోని ఏం జెయ్యాలన్నా? ఎండిన పొలంల గొడ్లను ఇడిసిపెట్టినం."

తొందరగా చేరాల్సిన సరుకుకు వేరే గుర్తు పెడదామని మేనేజరును అడిగాను. అప్పుడు అందరూ అదే గుర్తు కావాలంటారని కొట్టిపారేశారు.

ఎండలు ముదిరాక కొడకండ్ల నుంచి ఒక ఆయిల్ ఇంజను జనగామకు వచ్చింది, అమ్మకానికి. పంపినవాడు లచ్చు. ఇంటిల్లిపాదీ భూపాలపల్లి వైపు కూలికి పోయారని యాకూబ్ అన్నాడు. నూనె అంటిన ఇనుము కాబట్టి ఇంజనును క్యాబిన్ మూలనే కట్టారు. తిరుగు లారీకి జనగామే ఆఖరి స్టేషను. అది ఏ ఇబ్బందీ లేకుండా, అనుకున్న రోజే చేరింది.

మా పద్ధతిలో లోపం లేదని మేనేజరు అనేవారు. ఆఖరి ఊరికి నిజంగానే లోపం లేదు. మధ్య ఊళ్లలో నిలబడేవాళ్ల కోసం ఆ పద్ధతిని ఎవరూ మార్చరని నాకప్పుడు తెలిసింది. నేను రిటైరయ్యేనాటికీ ఇనుము క్యాబిన్ మూలనే పడుతోంది.