ఎడమకు తిరిగే బాణం

మొన్న పొద్దున ఫోన్. "అన్నా, బాపు పోయిండు" అన్నాడు సార్ కొడుకు. ఇంకా ఏదో చెప్పాడు. నాకు ముందు తట్టింది మాత్రం, ఆయనకు నేను పోయాల్సిన చాయ్.

సార్ పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్పి, రిటైరై కంఠేశ్వర్‌లో ఉండేవారు. నేను బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేసుకునేవాణ్ని; విద్య చేతికే వచ్చింది గాని తలకెక్కలేదు. ఆదివారాలు బస్సెక్కి వెళ్లి ఆయన ముందు కూర్చునేవాణ్ని. చెరకు పండే ఊళ్లో పుట్టి, షుగర్ జబ్బుతో చప్పటి చాయ్ తాగే మనిషి. దాన్నే ఊదుకుంటూ చెరకు రసం తాగినంత ఇష్టంగా తాగేవారు. సరే, ఆ మాట అటుంచండి.

నా తికమక ఒక్కటే. తీగను చుట్టిన కాయిల్‌లో వోల్టేజి కంటే కరెంటు వెనుకబడుతుందంటారు.

"ఒకటే తీగ గద సార్, ముందేంది, వెనుకేంది?"

"గవి ఉరుకుడు పందెం పెట్టుకోలేదయ్యా. రెండూ ఊగుతున్నయ్. ఒకటి ఊపు కొసకు వచ్చినంక, జరంత ఆగి రెండోది వస్తది. గంతే."

ఆ ఊపును ఆయన తిరిగే బాణాలుగా గీసేవారు. వోల్టేజికొకటి, కరెంటుకొకటి, రెండు బాణాలు; మధ్య ఎడం మారదు. తిరుగుతుండగా తీసిన ఫొటో అనుకోమనేవారు. నేనూ గీశాను. సార్ కళ్లద్దాలు పైకి నెట్టారు.

"కాయిల్ గియ్యమంటే కెపాసిటర్ గీసినవ్. కరెంటు ముంగటికొచ్చింది, అట్లొచ్చేది దాంట్లనే. ఎటు తిప్పినవయ్యా?"

"గుడి సుట్టు తిరిగినట్టే సార్, కుడికి."

"బాణాలకు గుడి లేదు. ఎడమకు తిప్పాలె. దిక్కు మారితే ముందున్నది వెనుకయితది."

"ఎందుకు?"

"అందరు ఒక్క దిక్కే తిప్పితే లొల్లి ఉండదు."

అక్కడ తెలిసినట్టే ఉండేది. బోధన్‌లో బస్సు దిగేసరికి తలకిందులయ్యేది. "ఏది వెనుకనో తడబడకుంట చెప్పిన నాడు చక్కెరేసిన చాయ్ తాగుత. నువ్వే పోయాలె" అనేవారు. ఆ నాడు రానే లేదు.

చితి చుట్టూ తిరగబోతే నా కాళ్లు కుడికే కదిలాయి. కొడుకు భుజం పట్టి తిప్పాడు. "అటు గాదన్నా, ఇయ్యాల ఎడమకు." అతను ముందు నడిచాడు. అతని వెనుక ఒకరి తర్వాత ఒకరు, అందరికంటే వెనుక నేను. చూస్తుండగానే వరుస చితి చుట్టూ గుండ్రంగా నిండింది. తిరిగి చూస్తే, నా వెనుకే కొడుకు.

"జర నడువన్నా" అంటున్నాడు.

మరి నేను వెనుకున్నట్టా, ముందున్నట్టా? అడుగుదామని, అలవాటు కొద్దీ, సార్ మొహం వైపు చూశాను.