టీవీలో ఖాదర్‌బీ ఇల్లు

"మా ఇంట్ల ఎన్ని అర్రలున్నయో వికారాబాదోళ్లకు ఎందుకు బేటా?"

గుమ్మానికి వేలాడే పరదా వెనకనుంచి ఖాదర్‌బీ అడిగింది. వరండాలో కుర్చీ కిర్రుమంది. దానిలో కూర్చున్న అనంతయ్య వికారాబాద్‌లో రేడియోలు బాగుచేస్తాడు. అక్కడ కొత్తగా పెట్టిన కంప్యూటర్ క్లాసువాళ్లు, ఖాదర్‌బీ కోడలు ఖుర్షీద్ చేసిన కంప్యూటర్ ఆట బాగుంటే ఆమెను చేర్చుకుంటామన్నారట. ఆ ఆట ఎక్కించిన క్యాసెట్ కోసమే ఆయన రైలెక్కి తాండూరు వచ్చాడు.

జిద్దాలో ఉన్న కొడుకు నజీర్ కిందటేడు, ఎనభై ఏడులో, టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్ పంపాడు. ఖుర్షీద్ దాంతో వచ్చిన పుస్తకం ముందేసుకుని గీత గీయడం, మీట నొక్కితే చుక్క నడిచేలా చేయడం నేర్చుకుంది. మొదట్లో చుక్క గోడల్లోంచి దూరిపోయేది. గోడ తగిలితే ఆగమని దానికి చెప్పేసరికి వానాకాలం గడిచింది. ఏ ఇల్లు గీయాలో తోచక తామున్న ఇల్లే గీసింది. బండలు పరిచిన వరండా, వంటిల్లు, లోపలి అర్ర, అందులో సొమ్ములు దాచే ఇనప సందూక. ఆ సందూకను వెతికి పట్టడమే ఆట.

అక్కడే ఖాదర్‌బీకి భయం పట్టుకుంది. బండల గనిలో పనిచేసే భర్త పోయాక ఒంటరిగా కొడుకును పెంచిన మనిషి. కరెంటు మీటరు చూస్తానని వచ్చినవాడెవడో ఇత్తడి బిందె ఎత్తుకుపోయిన నాటినుంచి, గొంతు పోల్చుకుంటేగాని గొళ్లెం తీయదు.

"ఇల్లంత తిప్పి చూపెడుతున్నవు, తాళంచెవి గూడ ఇయ్యరాదు" అని కోడలిని దెప్పింది.

ఖుర్షీద్ మీటల ముందు కూర్చుని, ఆటకు ఒక కాపలా పెట్టింది. చుక్క గుమ్మం తొక్కగానే టీవీలో ఇంగ్లీషు అక్షరాల్లో "కౌన్?" అని, ఎవరని, పడింది. చదివి వినిపిస్తే, ఖాదర్‌బీ ఎప్పటిలాగే "మై" అంది, నేనేనని. తలుపు తట్టి పేరు చెప్పే అలవాటు ఆ వాడలో ఎవరికీ లేదు. కోడలు మీటల మీద ఆ మాటే కొట్టింది. తలుపు తెరుచుకోలేదు. అత్త పేరు కొట్టాక తెరుచుకుంది.

"నా ఇంటికి నేనే పరాయిదాన్నైతి" అని ఖాదర్‌బీ నొచ్చుకుంది. అంతలోనే ఇంకో అనుమానం. "మరి నా పేరు ఇంకోడు కొడితే?"

"గప్పుడు గూడ తీస్తది అత్తమ్మా. దానికి గొంతు తెల్వది."

అని, ఖుర్షీద్ మీటల మీంచి చేతులు తీసేసింది. క్లాసు మాట ఇక అయిపోయినట్టేనని ఆమె మొహంలో కనబడుతోంది. ఖాదర్‌బీ టీవీకి కొంచెం దగ్గరగా జరిగింది.

"సందూక ఉన్నకాడ పొయ్యి వెట్టు. పొయ్యి ఉన్నకాడ గోడ కట్టు. దాని అవుతల ఇంకో అర్ర గియ్యి, మనకు లేనిది. సందూక అండ్ల వెట్టు."

అత్త చెబుతూ పోయింది, కోడలు గీస్తూ పోయింది. లోపలికొచ్చిన దొంగ ముందు ఎటు చూస్తాడు, ఏ మూల వదిలేస్తాడు? పరదా వెనక నిలబడి ఇన్నేళ్లుగా ఆమె ఆలోచించినవే అవన్నీ. వరండాలో అనంతయ్యకు మళ్లీ చాయ్ వెళ్లింది. ఆయన ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది.

పొద్దు వాలాక పరదా సందులోంచి క్యాసెట్ బయటికొచ్చింది, దాని వెనకే ఖాదర్‌బీ మాట.

"క్లాసోళ్లకు ఇయ్యి బేటా. వాళ్లు ఆడుతుంటే పక్కకే నిలబడు. ఎవడు ముందుగాల ఏ అర్రలకు దూరుతడో చూసి, జర నాకొచ్చి చెప్పు."